ఆవు అనుకున్నాను

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. పుంగనూరులో పుట్టి పెరిగిన నేను కుప్పంలో కొత్తగా కాపురం పెట్టాను. మా పుంగనూరు ఆవులు పొట్టివి, సాధువులు. పిల్లలు వాటి కాళ్ల మధ్యే ఆడుకుంటారు.

ఒక ఉదయం ఎనిమిది నెలల కూతుర్ని పెరట్లో చాప మీద కూర్చోబెట్టి, పక్కనే బియ్యం చెరుగుతున్నాను. పొట్టిగోడ అవతలి నుంచి పక్కింటి కన్నడావిడ నంజమ్మ "హావు! హావు!" అని కేక పెట్టింది.

"ఆవే కదమ్మా, యాల అట్లా అరుస్తాండావు? అదే పోతాది లే" అని నవ్వాను. నవ్వు ఇంకా నోట్లోనే ఉంది, చేట కిందపడి బియ్యం చెల్లాచెదురైంది. చూసుకుంటే బిడ్డ నా చంకలో ఉంది. ఎప్పుడు ఎత్తుకున్నానో నాకే తెలియదు.

ఖాళీ చాప మీదుగా నాగుపాము జరజరా పాకిపోయింది.

"మా కన్నడంలో హావంటే పాము గదమ్మా!" అంది నంజమ్మ.

నా బుద్ధి ఆమె మాట విని నవ్వింది. చేతులు ఆమె గొంతు విన్నాయి. ఆ చేతులు కూడా బుద్ధినే అడిగి కదిలి ఉంటే? అది తలపుకొస్తే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను. ఆ బిడ్డకే బిడ్డలు పుట్టారు. వాళ్లు "అవ్వా, ఆవొచ్చింది" అంటే, నేను ముందు నేలకేసి చూస్తాను.