ఎర్ర గీత తెగిన నట్టు

దెయ్యాల మాట ఎత్తాలంటే మా ఇంట్లో నేను లేనప్పుడే ఎత్తేవాళ్ళు. అంత వెటకారం చేసేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మా అన్న మస్తాన్ చిలకలూరిపేటలో లారీలకి బాడీలు కట్టేవాడు. పని అయ్యాక మిగిలిన టైమంతా ఓ రెండు సీట్ల కారు మీదే. కింద పాత కారు ఛాసిస్, పైన తనే రేకు సాగగొట్టి చేసిన బాడీ. 2000 ప్రాంతంలో గుంటూరు, చీరాల నుంచి ఇలాంటి చిన్న స్పోర్ట్స్ కార్ల పిచ్చోళ్ళు నలుగురైదుగురు ఆదివారాలు మా షెడ్డుకి చేరేవాళ్ళు. ఒకడికి పాత మీటరు దొరికితే మిగతావాళ్ళకి నిద్ర ఉండేది కాదు. అన్నకి మద్రాసు పాత సామాన్ల బజార్లో ఓ విదేశీ కారు స్టీరింగ్ ఆర్మ్ దొరికింది. చక్రాన్ని తిప్పే ఇనుప చెయ్యి అది. ఇంకోటి దొరకదని దాన్ని పసిపిల్లలా చూసుకునేవాడు.

తమాషా ఏంటంటే, స్పోర్ట్స్ కారు కట్టిన ఆ మనిషికి స్పీడంటే భయం.

అన్నకో అలవాటు ఉంది. నట్టు బిగించాక దాని మీంచి పక్క ఇనుము మీదకి గోళ్ళరంగుతో ఓ ఎర్ర గీత గీసేవాడు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి పక్కకి జరుగుతుంది. వదిన నమాజు చేసుకునే మనిషి, గోళ్ళకి రంగు వేసుకోదు. "మా ఇంట్లో సోకులన్నీ ఆ కారువే" అని అందరి ముందూ ఆటపట్టించేది.

కారు పూర్తయింది. రోడ్డెక్కకముందే అన్న పోయాడు. గుండెపోటు. మిర్చి యార్డు బయట ఓ లారీకి కొలతలు తీసుకుంటూ కూలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు. నెలలు గడిచినా రాలేదు. తినేవాణ్ణి, పనిచేసేవాణ్ణి, లోపల మొద్దుబారిపోయింది.

వదిన ఒక్కటే అడిగింది. "ఆ పక్క సీటు నీదే అనేవాడు మీ అన్న. ఒక్కసారి కూర్చోబెట్టి తిప్పు సుభానీ. తర్వాత ఎవరికిచ్చినా నేనడగను."

సరేనన్నాను. ముందురోజు గీతలన్నీ చూశాను. ఆర్మ్ నట్టు మీది గీత తెగి ఉంది. స్పానర్ వేస్తే బిగువుగానే ఉంది. పాత రంగు గీకేసి కొత్త గీత గీశాను. పొద్దున చూస్తే మళ్ళీ తెగింది. రంగు పగల్లేదు, నట్టు మీది సగం పక్కకి జరిగింది. ఆ నట్టుకి అడ్డంగా పిన్ను ఉంటుంది. పిన్ను తీస్తే తప్ప నట్టు తిరగదు. పిన్ను ఉన్నది ఉన్నట్టే ఉంది. షెడ్డు తాళంచెవి నా జేబులోనే ఉంది.

ప్రయాణం వాయిదా వేశాను. మళ్ళీ గీశాను, మళ్ళీ తెగింది. మామూలు సామానైతే మొదటిరోజే విప్పి చూసేవాణ్ణి. దొరకని సామాను విప్పడానికి మాలాంటివాళ్ళకి చెయ్యి రాదు.

వదిన వచ్చి చూసింది. "మీ అన్న వద్దంటున్నాడురా."

"ఊరుకో వదినా" అని విసుక్కున్నాను. విసుగులోనే విప్పాను.

నట్టు కప్పేసిన చోట, ఆర్మ్ మెడ చుట్టూ వెంట్రుకంత పగులు. దాన్ని వైసు దవడల మధ్య బిగించి సుత్తితో చిన్న దెబ్బ వేశాను. రెండు ముక్కలైంది. రోడ్డు మీద విరిగుంటే చక్రం నా మాట వినేది కాదు, పక్క సీట్లో వదిన. అక్కడే నేల మీద కూర్చున్నాను. భయం కూడా వెయ్యలేదు.

పగులుంటే నట్టు వదులవుతుందిగా అన్నారు స్నేహితులు. మరి పిన్ను సంగతేంటంటే మాట మార్చి కొత్త ఆర్మ్ సంగతి ఎత్తారు.

చీరాల స్నేహితుడు అదే కొలతకి కొత్త ఇనుముతో ఆర్మ్ చేయించి తెచ్చాడు. మోటుగా ఉంది. బిగించి, పిన్ను పెట్టి, గీత గీశాను. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. గీత కదల్లేదు.

కారెక్కబోతూ వదిన ఆగింది. "గీత చూశావా?"

"చూశాను వదినా. ఒప్పుకున్నాడు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. వినుకొండ రోడ్డు మీద పత్తి చేల మధ్య కాస్త వేగం పెంచాను. వదిన డోరు పట్టుకుని, "నెమ్మదిగా పోనీరా, ఆయనకి భయం" అంది.

అప్పుడొచ్చింది ఏడుపు. కారు పక్కకి ఆపాల్సి వచ్చింది.

పిన్ను ఉండగా ఆ నట్టు ఎలా తిరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. వదినని అడిగితే, అందులో తెలియకపోవడానికి ఏముందంటుంది.