యాభై నాలుగేళ్లు ఆగాల్సిన పాట

గుజరాత్‌లో మేం బతకవచ్చిన గోడాదరా పేటలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు ఒక అద్దె హాలులో కూడుకుంటుంది. పెద్దలందరం మగ్గాల మీద బతికేవాళ్లం. పిల్లలు గుజరాతీ బడిలో చదువుతారు. తెలుగు మాట్లాడతారు కాని చదవలేరు. మేం పాటల పుస్తకం చూసి పాడుతుంటే వాళ్లు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవారు. మా ప్రార్థన మాతోనే సమాధి అవుతుందని నాకు భయం పట్టుకుంది.

ఒక వానాకాలమంతా కూర్చుని ఆ పాటలను గుజరాతీ అక్షరాల్లో రాశాను. అచ్చు వేయిస్తే పిల్లలందరి చేతుల్లో ఉంటాయి. వాటిని రాసిన దైవసేవకుడు పోయి ఆరేళ్లే అయింది. అడగకుండా అచ్చు వేస్తే దొంగతనమే; దొంగతనం చేయకూడదన్న ఆజ్ఞ మాటలు నేర్చిన నాడే నేర్చుకున్నాను. ఆయన కుమారుడికి ఉత్తరం రాసి అనుమతి అడిగాను.

"నాన్నగారి పుస్తకం ఎప్పటికైనా మేమే మళ్లీ వేస్తాం. ఇంకెవరికీ ఇవ్వం" అని జవాబు వచ్చింది.

అది చదివి సంఘ పెద్ద నామీద విరుచుకుపడ్డాడు.

"నిన్నెవలు అడుగుమన్నరు తమ్మీ? గీ గల్లీలకు ఎవడొచ్చి చూస్తుండె?"

"దేవుడు చూస్తడు గదా అన్నా."

"చూసి సంతోషపడుతుండె. గిప్పుడు వద్దని కాయితం మీద రాయించుకొచ్చినవ్. మస్తు జేసినవ్ పో! ఎన్నేండ్లు ఆగాలె మరి?"

"రాసినాయన పోయినకాడికెళ్లి అరవై ఏండ్లు హక్కు ఇంటోళ్లదే. ఇంక యాభై నాలుగు."

"గప్పటికి ఈ పోరగాండ్లు తాతలైతరు."

నేను మగ్గాలు బాగుచేసే మేస్త్రీని. పోగు తెగగానే మగ్గాన్ని ఆపే భాగం ఒకటుంది. ఒకప్పుడు దాన్ని ఒక్క కంపెనీయే చేయాలి. ఇరవై ఏళ్లకు పేటెంటు తీరింది. ఇప్పుడు పక్క పేట లింబాయత్‌లో ఏ చిన్న కార్ఖానాలోనైనా చేసి ఇస్తారు. దానికీ ఒకరి బుర్ర అరిగే ఉంటుంది కదా? ఆ పాటలు ముప్పై ఏళ్ల కిందటి నా పెళ్లినాటివి. మగ్గం లెక్కన అయితే ఎప్పుడో అందరివీ అయ్యేవి. కుమారుణ్ణి తప్పుపట్టను; రాసినవాడి ఇంటికి కూడు దొరకాలి. కాని ఆయన వేయడు, మమ్మల్ని వేయనివ్వడు. చట్టం ఆయన పక్షాన నిలబడింది.

పాడటాన్ని ఎవరూ ఆపలేదు కనుక నోటితో నేర్పబోయాను. రెండు వారాల్లో రెండు చరణాలు వచ్చాయి. మూడో వారం విసుగెత్తి పిల్లలే రాలేదు. ప్రభువా, ఆ ఉత్తరం రాసింది నా విశ్వాసమా, నా గర్వమా అని మోకాళ్ల మీద పడి అడిగాను.

పోయిన ఆదివారం పెద్దలు పిల్లలకు తెలిసిన హిందీ పాటలు పెట్టించారు. పిల్లలందరూ వచ్చారు, గొంతెత్తి పాడారు, చప్పట్లు కొట్టారు. ఎంతోమంది కళ్లు తుడుచుకున్నారు. నేను గుజరాతీ అక్షరాల్లో రాసిన కాగితాలు చంకలో పెట్టుకుని, పాడకుండా వాళ్ల మధ్య నిలబడ్డాను.