అక్కని వంటింట్లో కూర్చోబెట్టిన శుక్రవారాలు

నా మూర్ఖత్వం ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టడం కూడా మూర్ఖత్వమే. ఆరేళ్ళ మా అమ్మాయి నోరు నేనే మూయించాను, అదీ తెలుగు మాట్లాడించబోయి.

మా పై అంతస్తులో కొలంబియా ఆవిడ ఒకరుంటారు. కువైట్‌లో పెరిగే తమ దేశపు వలస కుటుంబాల పిల్లల దగ్గర ఇంటిభాష స్పానిష్ ఎంతవరకు నిలుస్తోందన్నది ఆవిడ పరిశోధన. పోలిక కోసం ఒక తెలుగు ఇల్లు కావాలని, మూడు శుక్రవారాలు మా ఇంటి మాటలు రికార్డు చేసుకుంటానని అడిగారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

ఆ సంగతి మా ఆవిడ అన్నగారి చెవిన వేయడం రెండో తప్పు. ఆయన ఇక్కడి అల్ రాయ్ ప్రాంతంలో కార్ల షోరూమ్ మేనేజరు. సెలవు రోజుల్లో పిల్లలకి తెలుగు పాఠాలు చెబుతాడు.

"బావగారూ, మీ అమ్మాయిది విజయవాడ తెలుగేనా? పనమ్మాయి తెలుగు. అది కాస్తా రికార్డులో పడితే మన పరువేం కాను?"

పనమ్మాయి అంటే మా పాపని చూసుకునే అక్క, రాయచోటి వైపు మనిషి. మేమిద్దరం ఆఫీసులకి పోతే పాపకి అన్నం, స్నానం, తెలుగు అన్నీ ఆవిడ చేతిమీదుగానే.

వారంపాటు పాప నోరు తెరిచినప్పుడల్లా "అలా కాదమ్మా" అన్నాను. శుక్రవారం అక్కని వంటింట్లో కూర్చోబెట్టాను. బావగారు పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా సోఫాలో కూర్చుని, రికార్డింగు నడుస్తుంటే ఎవరూ మధ్యలో మాట్లాడకూడదని నియమం పెట్టాడు. పాప ఆ నియమం అందరికంటే బాగా పాటించింది. ఒక్క మాట లేదు. రెండో శుక్రవారమూ అంతే. మాతృభాష కాస్తా మౌనభాష అయింది.

అది అక్కడితో ఆగితే బాగుండేది.

"సార్, పాప నాతో గూడా ఇంగ్లీషే మాట్లాడతాంది," అంది అక్క, గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా. "నాకేమో రాదు. ఇంక మేమెట్లా మాట్లాడుకునేది?"

ఆ సాయంత్రమే మెట్లెక్కి పైకి వెళ్ళాను.

పై అంతస్తు ఆవిడకి నిజం చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మా వాళ్ళూ ఇంతే. నేను వస్తున్నానంటే పల్లెటూరి అమ్మమ్మని లోపలి గదిలోకి పంపేస్తారు. పిల్లలు కబుర్లు చెప్పేది ఆవిడతోనే."

మిగిలింది ఒక్క శుక్రవారం. బావగారు ఇస్త్రీ చొక్కాతో ముందే వచ్చాడు.

"బావగారూ, మీ చేతి టీ తాగి ఎన్నాళ్ళయిందో," అన్నాను. పొంగిపోయి వంటింట్లోకి నడిచాడు. అక్కని తీసుకొచ్చి ఆయన సోఫాలో కూర్చోబెట్టాను.

రికార్డరు ఎర్రలైటు వెలిగింది. అక్క చున్నీ కొంగుకి చేతులు తుడుచుకుని దువ్వెన తీసింది. "రా పాపా, జడేస్తా. రిబ్బను యాడ పెట్టినావు?"

పాప నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. "అలా కాదమ్మా" కోసం కాచుకుందని అర్థమైంది. నేను నేల చూపులు చూశాను.

"మంచం కింద ఉండాది అక్కా," అంది పాప చివరికి, మెల్లగా. "నువ్వే తియ్. నాకు ఆడ చీకటంటే బయ్యం."

ఆ తర్వాత ఆగలేదు.

ఇంతలో వంటింట్లోంచి, "పంచదార ఎక్కడుందండీ?"

ఎవరం పలకలేదు. ఆయన మరో రెండుసార్లు అడిగాడు. రికార్డింగు నడుస్తోంది కదా, మధ్యలో మాట్లాడకూడదు.