మా మామ చేపల తొట్టి

మా మామ పోయిన నెల నిద్రలోనే పోయారు. ఆయన గురించి మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

సిరిసిల్లలో ఏళ్ల తరబడి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. ఆ చప్పుడుకు చెవులు మందగించాయి. పని మానేశాక హాల్లో గోడంత చేపల తొట్టి పెట్టించారు. నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్ కోసం నన్నూ జగిత్యాల తీసుకెళ్లారు. కొత్త కోడలిని, దుకాణం తలుపు దగ్గరే నిలబడ్డాను. దుకాణపాయన మూడు రకాలు చూపించాడు: అంచుకు తగిలించేది, మూతపెట్టిన డబ్బా, తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి.

"డబ్బా తీస్కో కాకా, సప్పుడే రాదు."

"సప్పుడు ఇనేటోనికి గదా!" మామ నవ్వారు. "చూసుకునేది మా కోడలు. ఆమెనే అడుగు."

అంతవరకు నన్నెవరూ ఏదీ అడగలేదు. లోపలంతా కనిపించేది, చెయ్యి పట్టేది కింది తొట్టే. వేలుతో చూపించాను. అదే కొన్నారు.

కొన్నాళ్లకు తప్పు చేశాను. ఫిల్టర్‌లోని స్పాంజి జిడ్డుగా ఉందని నల్లా కింద తెల్లబడేదాకా పిండాను. మూడో నాటికి నీళ్లు పాలలా మారాయి. రెండు చేపలు తేలాయి.

"ఎవలు ముట్టిండ్రు?" అంది అత్త.

"నేనే కడిగిన," అన్నారు మామ. తర్వాత నాతో మెల్లగా, "గది మురికి కాదు బిడ్డా. గా పాచితోనే నీళ్లు బతుకుతయి. తొట్టి నీళ్లల్లనే పిండు, కొంచెం ఉండనియ్యి" అన్నారు.

మధ్యాహ్నాలు నీటి వెలుగు పైకప్పు మీద ఊగేది. ఆయన కుర్చీలో, నేను గడప దగ్గర. పొద్దున్నే ఆయన అరచేయి అద్దానికి ఆనించేవారు. మోటారు నడుస్తోందని చేతికే తెలిసేది. చేపలన్నీ ఆ చేతి దగ్గరికి వచ్చేవి.

మామ పోయిన పదకొండో నాడు ఇల్లంతా కడిగాం. చావింట్లో నిలవ నీళ్లు ఉండకూడదని బిందెలన్నీ వంచేశారు. ఆయన కూతురు, కోరుట్ల వదినె, బకెట్ తెచ్చింది.

"గీ తొట్టి గూడ కాలీ చేసి కడుగుండ్రి."

"వద్దు వదినే."

"అబ్బో, నీకు నోరుందా పిల్లా!"

"కడిగితే సచ్చిపోతయి. మామ చెప్పిండు."

తొట్టి ముందు నుంచి జరగలేదు. ఒక్క బకెట్ నీళ్లు తీసి, స్పాంజి అందులోనే నెమ్మదిగా పిండి, మళ్లీ పెట్టేశాను.

వదినె తొట్టి దగ్గరికి వచ్చింది. తర్వాత వాళ్ల నాన్నలాగే అరచేయి అద్దానికి ఆనించింది. చేపలు ఒక్కొక్కటే వచ్చి ఆ చేతి దగ్గర ఆగాయి. చెయ్యి తీశాక కూడా తడి గుర్తు కాసేపు అద్దం మీద ఉంది. దాని వెనుక నీళ్లు కదులుతూనే ఉన్నాయి.