బాబాయికి దొరికిన మంచి క్యాసెట్

నిన్న బూర్గంపాడులో ఒకరింట్లో పాత క్యాసెట్ల పెట్టె చూసి నా ఈడువాళ్ళంతా "అబ్బ, ఎంత మంచి రోజులో!" అని కరిగిపోయారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మా బాబాయి గుర్తొచ్చాడు. సినిమా పాటలు రికార్డు చేసుకోవడానికి ఖాళీ క్యాసెట్ కొందామని చిన్నప్పుడు నన్ను ఖమ్మం తీసుకెళ్ళాడు. షాపులో పెద్ద విద్వాంసుడిలా ఒక్కోటీ వెలుతురుకెత్తి, మూలల్లో స్క్రూలున్నాయో లేవో చూశాడు. "గిది రీలు చుట్టుకుంటది, గది బొంగురుపోతది" అంటూ అన్నీ పక్కకు నెట్టాడు.

"పాడేది నువ్వా ఏంది అన్నా?" అన్నాడు విసిగిపోయిన షాపాయన.

వట్టి చేతులతో తిరిగొచ్చాం. ఇంట్లో మంచి క్యాసెట్ ఒకటుంది. అందులో చనిపోయిన మా తాత చదివిన రాములవారి పద్యాలున్నాయి. గుర్తుందా, రికార్డు చేసింది చెరగకుండా క్యాసెట్ వెనక చిన్న రెక్కలు విరిచేవాళ్ళం? నాయనమ్మ అవి విరిపించింది. ఈ మహానుభావుడు ఆ సందుల్లో కాగితం కుక్కి, పద్యాల మీదే సినిమా పాటలు ఎక్కించాడు. వివేకం లేని విద్య గాడిద మీది గంధపు మూట అని పెద్దలు ఊరికే అనలేదు.

శనివారం పొద్దున నాయనమ్మ తాత పద్యాలు పెట్టమంది. డ్యూయెట్ మోగింది.

"పాత పద్యాలే గదమ్మా, పుస్తకంల ఉన్నయిగా!" అన్నాడు బాబాయి.

"పద్యాలున్నయిరా," అంది నాయనమ్మ. "మీ నాయన ఏడున్నడు?"