మత్తు దిగాక చెప్పాల్సిన మాటలు

మేడం పోయారని మదనపల్లి ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేసినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వడ్డిస్తున్నాను. "పొద్దున బస్సుకని బయల్దేరి, గుండె పట్టుకోని వాకిట్లోనే కూర్చునిందంట టీచరమ్మా. అంతే," అంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నాకొక మాటిచ్చి, అది నిలబెట్టుకోకుండా ఎట్లా పోతుంది ఆవిడ? గరిటె చేత్తో పట్టుకునే మనసులో తిట్టుకున్నాను. పోయినవాళ్ళ గురించి ఇట్లా రాయకూడదని నాకూ తెలుసు. కానీ ఉన్నది దాచి రాస్తే ఆవిడకే నచ్చదు.

ఆవిడ మదనపల్లిలో మందు మాన్పించే వార్డులో కౌన్సిలింగ్ మేడం. సొంతూరు కుప్పం. సోమవారం పొద్దున బస్సుకు వచ్చి, శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోయేవారు. మధ్యలో ఒకరోజు మా పుంగనూరు ఆసుపత్రికి వచ్చి కూర్చునేవారు. నేను పుంగనూరు పక్క పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. మా ఇంటాయన టమాటాల బండి తోలుతాడు. మొగుణ్ణి 'ఆయన' అనాలని పెద్దవాళ్ళు నేర్పించారు గానీ, ఇక్కడ 'అతను' అనే రాస్తాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మా నాన్న కర్మ రోజున బంధువులందరూ బంతిలో కూర్చుని ఉండగా అతను తాగొచ్చి విస్తర్ల మధ్య వాంతి చేసుకున్నాడు. ఇంకోసారి కమ్మ పట్టుకుని లాగితే నా చెవి తమ్మె చీలిపోయింది. కుట్లు వేయించుకుని, తలుపు తగిలిందని అందరికీ చెప్పాను. అన్నిటికీ మించి, ఒకరోజు తాగి మా సెంటరుకే వచ్చాడు. పిల్లల వరసలో చతికిలబడి, ఒక పాప కంచం లాక్కుని, "నాకూ గుడ్డు పెట్టు టీచరమ్మా" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆ రోజు తల్లుల మీటింగు. వాళ్ళూ నవ్వారు. నేను గుడ్డు పెట్టాను. ఇంకేం చేయను? వారం తిరక్కుండా సూపర్‌వైజర్ మెమో ఇచ్చింది.

తాగినవాణ్ణి తిడితే ఎవరికి లాభం? తెల్లారేసరికి ఒక్క ముక్క గుర్తుండదు. నేను గొంతు చించుకుని అరిచిందంతా గాలికి పోయేది. పొద్దున లేచి "ఏమైందే, ముఖం అట్ల పెట్టుకోనుండావు" అనేవాడు. అప్పుడే గట్టిగా అనుకున్నాను, ఇతని చేత మాన్పించాలి, పూర్తిగా తెలివిలోకి తేవాలి, తెచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి చేసినవన్నీ ఒక్కొక్కటే చెప్పాలి. తగలాలి. తగిలింది నా కళ్ళతో నేను చూడాలి. జనం అనుకున్నట్టు సంసారం బాగుపడాలని కాదు నేను ఆసుపత్రికి తిరిగింది.

అంతకు ముందు కాణిపాకంలో మూడుసార్లు ప్రమాణం చేయించాను. తాగుడు ఉన్న ఇళ్ళల్లో మా వైపు ఇది మామూలే. స్నానం చేయించి, తడిబట్టలతో దేవుడి ముందర నిలబెట్టి, ఇక ముట్టనని చెప్పిస్తారు. మొదటిసారి నెల రోజులు ఉన్నాడు. రెండోసారి పది రోజులు. మూడోసారి తిరిగొస్తూ చిత్తూరు బస్టాండులోనే మాయమయ్యాడు. ఆ తర్వాత ఆవుకు జబ్బు చేసినా, మా అత్త కాలు విరిగినా, ప్రమాణం తప్పినందుకేనని ఇంటిల్లిపాదీ అతని ముఖం మీదే అన్నాం. ఆ భయానికి ఇంకొంచెం తాగాడు.

మొదటిసారి మేడం దగ్గరికి పోయినప్పుడు నేను అడిగింది కూడా అదే. "మేడం, ఈసారి మీ ముందర ఒట్టు పెట్టించండి" అన్నాను.

"నాకు ఒట్లు వద్దు టీచరమ్మా. దేవుడికి ఇచ్చిందే నిలబడలేదు, నేనెంత?" అని, కుర్చీ లాగి బల్లకు ఇవతల, అతని పక్కన వేసుకున్నారు. ఆవిడ ఎప్పుడూ ఎదురుగా కూర్చునేవారు కాదు. "అప్పా, మందు గురించి నీతో రొండు మాటలు మాట్లాడొచ్చునా?" అని అడిగారు. అతను బిత్తరపోయాడు. మాట్లాడొచ్చా అని అతన్ని అడిగినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు.

"తాగితే నీకు నచ్చేదేంది?" అన్నారు తర్వాత. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను. ఇంత దూరం తీసుకొచ్చింది ఇది అడిగించడానికా?

"లోడు దించినాక ఒళ్ళునొప్పులు తెలీవు మేడం."

"నచ్చనిది?"

"పాప నా పక్కన పండుకోదు. వాసనంట."

ఈ మాట పదేళ్ళలో నాతో అనలేదు. మేడం ఉపదేశం ఇస్తారని చూస్తున్నాను. ఇవ్వలేదు. "నీ కూతురు దూరం జరిగితే నీకు కష్టంగా ఉండాది" అన్నారు, అంతే. మనం చెప్పిందే ఇంకో రకంగా మనకే చెప్పడం ఆవిడ అలవాటు. దీనికి జీతం కూడానా అనుకున్నాను.

ఆ తర్వాత ఒకటి నుంచి పది దాకా లెక్కలో మానాలని ఎంత ఉందో చెప్పమన్నారు. "నాలుగు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పది ఎందుకు కాదు అని ఆవిడ గట్టిగా నిలదీస్తుందని ఆశపడ్డాను. "నాలుగు యాల అప్పా? ఒకటో రెండో అనొచ్చు గదా?" అన్నారు ఆవిడ. అతను ఆ నాలుగును కాపాడుకోవడానికి కారణాలు వెతికి వెతికి చెప్పాడు. లైసెన్సు, పాప, చేతుల వణుకు. నా పేరు అందులో రాలేదు. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

నాతో వేరేగా మాట్లాడినప్పుడు నా ఉద్దేశం దాచలేదు. మాన్పించేది పగ తీర్చుకోవడానికేనని చెప్పాను. ఆవిడ ముఖం మాడ్చుకోలేదు, నీతులు చెప్పలేదు.

"అంటే తెలివిలో ఉన్నప్పుడు నొప్పి తగలాల. ఎప్పుడు చెప్తావు?"

"మానేసిన మరుసటి రోజే."

"చెప్తే ఏమైతాది?"

ఆలోచించాను. "మళ్ళీ తాగుతాడు."

"తాగితే?"

"నేను చెప్పిందంతా దండగ."

ఆవిడ స్టీలు బాటిల్ మూతలోకి నీళ్ళు వంచుకుని, వేడి కాఫీ తాగినట్టు నిదానంగా తాగారు. "మరి ఎప్పుడు చెప్తే దండగ కాదు?"

చూశారా! నా చేత నా నోటితోనే వాయిదా వేయించింది. ఆవిడే వాయిదా వేయమని చెప్పి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. లేచి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "చెప్పే రోజు నన్ను పిలువు. నేను పక్కన కూర్చుంటా. మధ్యలో లేసిపోకుండా సూసుకుంటా" అన్నారు. ఆవిడ ఇచ్చిన మాట ఇదే.

నాలుగు నెలలు ముట్టలేదు. ఐదో నెలలో రామసముద్రంలో పెళ్ళికి పోయి తాగొచ్చాడు. నాకు బాధ కంటే సంబరం ఎక్కువైంది. నేను చెప్పలా, అనడానికి అవకాశం దొరికింది కదా. ఈడ్చుకుని మేడం దగ్గరికి తీసుకుపోయాను. ఎందుకు తాగావని ఆవిడ అడగలేదు. "నాలుగు నెలలు తాగకుండా ఎట్లుంటివి అప్పా? అది చెప్పు ముందు" అన్నారు. అతను గుక్కపట్టి ఏడ్చాడు. నేను బయటికి వచ్చి వరండాలో పచార్లు చేశాను. ఆవిడ బయటికి రాగానే కడిగేశాను. "మీకు కోపమే రాదా? అన్నం తింటుండారా, ఇంకేమన్నానా?" అన్నాను.

ఆవిడ వరండా గట్టు మీద కూర్చున్నారు. "రాకేం? మా అన్నకు తాగుడు. బెంగళూరు పక్కన ఎవడో మాన్పిస్తాడంటే మేమే చేర్పించినాము. కట్టేసి కొట్టినారు. మానినాడు. ఇంటికి వచ్చినాక మూడు వారాలు మానినాడు. తర్వాత మాకెవ్వరికీ ముఖం సూపించకుండా, యాడనో సత్రంలో తాగి తాగి పోయినాడు." నా వైపు తిరిగి, "ఆ కొట్టినోళ్ళ మీద పగ తీర్చుకుంటాండాను టీచరమ్మా. కొట్టకుండా ఒకణ్ణి మాన్పించినప్పుడల్లా వాళ్ళ ముఖాన ఉమ్మేసినట్టుంటాది నాకు" అన్నారు. నవ్వుతూ చెప్పలేదు. ఆ రోజు నుంచే నేను ఆవిణ్ణి నమ్మాను. శాంతమూర్తి అని ఆవిణ్ణి పొగిడేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

ఆ పెళ్ళి తర్వాత అతను మళ్ళీ ముట్టలేదు. మూడేళ్ళు దాటింది. మేడం కనిపించినప్పుడల్లా "పిలుస్తావా?" అనేవారు. "ఇంకా లేదు మేడం" అనేదాన్ని. నాకు క్షమించే గుణం వచ్చిందనుకోకండి. పప్పు ఎనిపేటప్పుడు, పిల్లలకు పాట నేర్పేటప్పుడు, చెప్పాల్సినవన్నీ లోపల వరసగా వల్లించుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ మర్చిపోలేదు. అతను మాత్రం చేతిలో కూరగాయల సంచీతో, మంచివాడి ముఖంతో ఇంటికొచ్చేవాడు. ఊళ్ళో అందరూ నన్ను అదృష్టవంతురాలివి అనేవాళ్ళు. ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయేది.

మేడాన్ని కడసారి చూడటానికి కుప్పానికి అతని బండిలోనే పోయాం. మేడం ఇంటి ముందర ఇరవై మంది దాకా మగవాళ్ళు గోడ వెంబడి నిలబడి ఉన్నారు. లారీ డ్రైవర్లు, ఒక పోలీసాయన, వాల్మీకిపురంలో టీ అంగడి పెట్టుకున్నతను. ఒకరినొకరు ఎరగనట్టే ఉన్నారు గానీ, ఎవరు దేనికి వచ్చారో అందరికీ తెలుసు. లోపల ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా ఆవిడ పాదం గిల్లాను. నన్ను ఒంటరిదాన్ని చేసి పోయినందుకు.

తిరిగొచ్చేటప్పుడు వి.కోట దాటాక అతను ఉన్నట్టుండి అన్నాడు. "మే, నువ్వు నాతో ఏందో చెప్పాలనుకుంటాండావు. మేడం చెప్పలా. నేనే కనిపెట్టినా. మూడేండ్లుగా నోరు తెరుస్తావు, మూస్తావు."

"చెప్తే తాగుతావు."

"తాగుతానో లేదో ఇప్పుడే నాకేం తెల్సు? కానీ వింటా."

మల్బరీ తోట పక్కన బండి ఆపాడు. ఇంజన్ ఆపేసి, తాళం తీసి నా చేతిలో పెట్టాడు. పలమనేరు వైపు నుంచి లారీ ఒకటి పక్కనుంచి పోతే బండి ఊగింది.

పక్కన కూర్చోవడానికి మేడం లేదు. అయినా మొదలుపెట్టాను. మొదట చెప్పింది ఇక్కడ మీకు రాయలేదు, రాయను కూడా. రెండోదానికి నా గొంతు సర్దుకుంది. మూడోదానికి అతను రెండు చేతులూ స్టీరింగ్ మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సాయంత్రపు ఎండ అద్దంలోంచి నేరుగా అతని కళ్ళల్లో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. నేను ఒక్కొక్కటే చెబుతూ, తగులుతోందో లేదో చూస్తూ కూర్చున్నాను.