ఒడిలో ఎముక

విజయవాడ నుంచి పామర్రులోని ఒక బడికి బస్సులో వెళ్తున్నాను. ఒడిలో తెల్లగుడ్డ మూట ఉంది. పక్క సీట్లో చీరలు నేసి అమ్ముకునే పెద్దావిడ బస్సెక్కినప్పటి నుంచి మగ్గాల కబుర్లు చెబుతూనే ఉంది. పటమట దాటాక, "మూటలో ఏంటండీ?" అని అడిగింది.

"ఎముకండీ," అన్నాను.

"అయ్యో! బెజవాడ దాకా వచ్చి, కృష్ణలో కలపకుండా తీసుకెళ్లిపోతున్నారేంటండీ?"

నాకు నవ్వొచ్చింది. అస్థికలు కావని, కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ ఎముకని, పిల్లలకు చూపించడానికి తీసుకెళ్తున్నానని చెప్పాను. వానకు మట్టి కొట్టుకుపోయి, కొండవాలులో దాని కొస బయటపడింది. చుట్టూ బ్రష్‌తో దులుపుతూ తవ్వాం. విరక్కుండా ప్లాస్టర్‌లో ముంచిన గోనెగుడ్డ చుట్టి హైదరాబాద్ తెచ్చాం. అక్కడ ఒక గదిలో నేనొక్కణ్ణే కూర్చుని, అంటుకున్న రాయిని నెలల తరబడి సూదితో గీకి తీశాను. చిన్న ముక్క కోసి చూస్తే, చెట్టు మానులో ఉన్నట్టే లోపల వలయాలున్నాయి. కొన్నే ఉన్నాయి. అంటే చిన్నప్పుడే పోయింది.

"అయితే పసిదేనన్నమాట," అంది ఆవిడ. "మరి తల్లి?"

"దొరకలేదండీ. ఇదొక్కటే."

 ఉయ్యూరు రాగానే ఆవిడ మూటను మెల్లగా తాకి, కనీసం "వస్తానండీ" అనకుండా దిగిపోయింది. నవ్వినందుకు కోపమొచ్చిందేమో అనుకున్నాను. బస్సు కదిలాక తట్టింది. చావింటి నుంచి వెళ్లేటప్పుడు మా వైపు కూడా ఎవరూ వస్తానని చెప్పరు.

ఆ గదిలో ఇన్నాళ్లూ దానికి నేను, నాకు అది తప్ప ఎవరూ లేరు. ఆ రోజు మా ఇద్దరినీ పరామర్శించడానికి ఒక మనిషి వచ్చి వెళ్లింది.